మీట నొక్కితే రంగు మారే గాజు: మన్నికే అసలు పరీక్ష

న్యూఢిల్లీ: ఎండ తాళలేక కిటికీ తెరలు దించడం, పట్టపగలే దీపాలు వెలిగించడం, ఆపై ఏసీలు నడపడం మన నగరాల్లోని అద్దాల మేడలకు పరిపాటిగా మారింది. ఈ ఖర్చులను తగ్గించగల గాజు కోసం ఐదు దశాబ్దాలకు పైగా పరిశోధనలు సాగుతున్నాయి. స్వల్ప విద్యుత్తు అందగానే నీలంగా మారి ఎండను అడ్డుకోవడం, విద్యుత్తు దిశ మార్చితే తిరిగి తేటపడడం ఈ గాజు ప్రత్యేకత.

ఈ పరిశోధనలకు బీజం వేసినవారిలో భారత సంతతి శాస్త్రజ్ఞుడు సత్యేన్ దేబ్ ముఖ్యులు. అమెరికాలో పనిచేస్తూ ఆయన 1969లో టంగ్‌స్టన్ ఆక్సైడ్ పలుచని పొరలో ఈ గుణాన్ని నిరూపించారు. కొద్ది వోల్టుల విద్యుత్తు ఇచ్చినపుడు లిథియం అయాన్లు ఆ పొరలోకి చేరి నీలిరంగు తెస్తాయి. రంగు మారిన తరువాత విద్యుత్తు నిలిపివేసినా అది చాలాసేపు చెదరదు.

మామూలు పొరలోకి అయాన్లు చొరబడడానికి సమయం పడుతుంది. అందువల్ల నానోమీటర్ల పరిమాణంలో, అంటే మీటరులో వందకోట్లవ వంతు కొలతల్లో, సన్నని కడ్డీలు, రంధ్రాలు గల పొరలను శాస్త్రజ్ఞులు తయారు చేస్తున్నారు. వీటిలో ఉపరితలం పెరిగి, అయాన్లు ప్రయాణించవలసిన దూరం తగ్గి, రంగు త్వరగా మారుతుంది.

తయారైన పొర ఎంత కాంతిని పోనిస్తున్నదీ, రంగు మారడానికి ఎన్ని సెకన్లు పడుతున్నదీ, ఎంత విద్యుదావేశం ఖర్చవుతున్నదీ కొలుస్తారు. అన్నిటికన్నా కఠినమైనది మన్నిక పరీక్ష. అమెరికా ప్రమాణాల ప్రకారం అధిక ఉష్ణోగ్రతలో, సూర్యకాంతిని పోలిన వెలుగులో 50 వేల సార్లు రంగు మార్చి చూడాలి. రోజుకు ఏడుసార్ల వంతున లెక్కిస్తే ఇది దాదాపు 20 ఏళ్ల వాడకానికి సమానం. వాడే కొద్దీ కొన్ని అయాన్లు పొరలోనే చిక్కుపడి రంగు మార్పు మందగిస్తుంది. స్థిరమైన విద్యుత్ ప్రవాహంతో వాటిని వెలికి తీసి పొరకు పూర్వశక్తి కల్పించవచ్చునని స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2015లో వెల్లడించారు.

వేరొక రసాయనంతో ఇదే తరహాలో పనిచేసే కిటికీలు బోయింగ్ 787 విమానాల్లో ఉన్నాయి. ఎయిరిండియా ఈ విమానాలను 2012లో ప్రవేశపెట్టింది. భవనాల విషయంలో మాత్రం ధర అడ్డుగా నిలుస్తోంది. ఈ రంగంలో పేరొందిన అమెరికా సంస్థ వ్యూ 2024లో దివాలా చట్టం కింద రక్షణ కోరింది. ముడిసరుకుదీ చిక్కే. టంగ్‌స్టన్ ఉత్పత్తిలో అగ్రస్థానంలో ఉన్న చైనా 2025 ఫిబ్రవరిలో ఆ లోహంతోపాటు, గాజుపై విద్యుత్తును ప్రసరింపజేసే పారదర్శక పూతకు అవసరమైన ఇండియం ఎగుమతులపైనా ఆంక్షలు విధించింది. సామాన్య భవనాలకు ఈ గాజు అందుబాటులోకి రావాలంటే ఇవి లేకుండా, లేదా వీటిని తక్కువగా వాడి, అంతే మన్నిక గల పొరను రూపొందించవలసి ఉంటుంది.