మ్యాథ్స్ ట్యూషన్: తప్పు ఒకటే.. కారణాలు రెండు! ఒక్కరికే పాఠం చెబితే తేడా ఎక్కడ వస్తుందంటే..

'మావాడికి అన్నీ వస్తాయండి.. ఒక్క లెక్కలే రావు'. పదో తరగతి పిల్లలున్న చాలా ఇళ్లలో వినిపించే మాట ఇది. వెంటనే ట్యూషన్‌లో చేర్పిస్తారు. నెలనెలా ఫీజు కడతారు. అయినా కొందరి మార్కులు ఉన్నచోటే ఉంటాయి. అదే టీచర్ ఒక్క విద్యార్థినే కూర్చోబెట్టుకుని చెబితే పరిస్థితి మారుతుంది. ఎందుకలా? ఓ చిన్న లెక్కతో చూద్దాం.

జవాబు మైనస్ 10.. ఎలా వచ్చింది?

ఫిజిక్స్‌లో దర్పణాల పాఠం గుర్తుందా? నాభ్యంతరం 15 సెం.మీ. ఉన్న పుటాకార దర్పణం ముందు, 30 సెం.మీ. దూరంలో వస్తువును పెట్టారు. ప్రతిబింబం ఎక్కడ ఏర్పడుతుంది? సరైన జవాబు మైనస్ 30. అంటే అద్దానికి ముందువైపే, 30 సెం.మీ. దూరంలో.

ఇద్దరు పిల్లలు మైనస్ 10 అని రాశారనుకుందాం. పేపర్ దిద్దేవారు ఇద్దరికీ ఇంటూ మార్కే పెడతారు. కానీ అసలు తప్పు ఒకటి కాదు.

అబ్బాయి వస్తుదూరాన్ని సరిగ్గానే మైనస్ 30గా తీసుకున్నాడు. మైనస్‌లోంచి మైనస్ తీసేటప్పుడు అది ప్లస్ అవుతుందన్నది మర్చిపోయాడు. అది ఆరు, ఏడు తరగతుల్లో చదివిన పూర్ణసంఖ్యల పాఠం.

అమ్మాయికి ఆ లెక్క బాగానే వచ్చు. పుటాకార దర్పణానికి నాభ్యంతరం మైనస్ అని బట్టీ పట్టింది.. ఎందుకో మాత్రం తెలీదు. అందుకే వస్తుదూరానికి ప్లస్ 30 వేసేసింది. ఇది ఫిజిక్స్‌లో గుర్తుల నియమం అర్థం కాకపోవడం.

పాఠం మొత్తం మళ్లీ చెప్పినా ఈ ఇద్దరి సమస్యా తీరకపోవచ్చు. 'ఈ జవాబు ఎలా వచ్చిందో చెప్పు' అని ఒక్కొక్కరినీ అడిగితేనే ముడి ఎక్కడుందో బయటపడుతుంది. నిండిన క్లాసులో 45 నిమిషాల పీరియడ్‌లో అందరినీ అలా అడగడం ఎంత మంచి టీచర్‌కైనా కష్టమే.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో ఓ వ్యాసం ప్రచురించారు. విడిగా ట్యూషన్ తీసుకున్న సగటు విద్యార్థి, మామూలు క్లాసులో చదివిన 98 శాతం మంది కంటే ముందున్నాడన్నది అందులోని సారాంశం. తర్వాతి పరిశోధనల్లో అంత భారీ తేడా కనిపించలేదు. కానీ మేలు మాత్రం స్పష్టంగానే తేలింది.

కరోనా టైమ్‌లో బడులు మూతపడినప్పుడు ఆఫ్రికా దేశం బోట్స్వానాలో ఇంకో ప్రయత్నం జరిగింది. ప్రైమరీ పిల్లల ఇళ్లకు వారానికోసారి ఫోన్ చేసి, సుమారు 20 నిమిషాలు లెక్కలు చెప్పారు. మెసేజ్‌లతో పాటు ఫోన్ కాల్ కూడా అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు. కేవలం మెసేజ్‌లు అందుకున్నవారిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఎదురుగా లేకపోయినా, అడిగి వినే మనిషి ఉండటమే తేడా తెచ్చింది.

ట్యూషన్‌లో ఏం గమనించాలి?

'వన్ టు వన్' అని బోర్డు ఉన్నంత మాత్రాన సరిపోదు. టీచర్ లెక్క చేస్తుంటే పిల్లాడు నోట్స్‌లో ఎక్కించుకుంటున్నాడంటే అది క్లాసుకు నకలే. పెన్ను పిల్లల చేతిలో ఉండాలి. అవసరమైతే కింది తరగతి భిన్నాలు, గుర్తుల దగ్గరికి వెనక్కి వెళ్లాలి. రెండు వారాల తర్వాత అలాంటి లెక్కే అంకెలు మార్చి ఇస్తే సొంతంగా చేయగలగాలి. ఫీజు దండగవుతోందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

విడిగా ట్యూషన్ పెట్టించే స్తోమత లేకపోతే? ఇంటర్ చదివే అక్కో, పక్కింటి అన్నయ్యో వారానికి రెండు సార్లు అరగంట కూర్చున్నా మేలే. తల్లిదండ్రులకు లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు. తప్పు పోయిన లెక్కను చూపించి 'ఎలా చేశావో చెప్పు' అని అడగొచ్చు. పిల్లలు ఎక్కడ తడబడ్డారో ఆ చోట గుర్తు పెట్టి, మర్నాడు స్కూల్లో సార్‌కి చూపించమంటే చాలు. 'నాకు లెక్కలు రావు' అనుకునే పిల్లలకు.. రానిది లెక్కలు కాదు, ఆ ఒక్క మెట్టేనని అప్పుడు తెలుస్తుంది.