బిడ్డకు బడిలో మొదటి యేడు

జూను మాసమున బడులు తెఱవగానే బందరు పేటలలోను, గుడివాడ వీధులలోను, దివిసీమ పల్లెలలోను ఐదాఱేండ్ల బిడ్డలు క్రొత్త సంచులు తగిలించుకొని తల్లుల వ్రేళ్లు పట్టి నడచుట కానవచ్చును. పది దినములు గడవకమునుపే ఆ తల్లులు బిడ్డ నడుగు ప్రశ్న యొక్కటే: "ఎన్ని అక్షరములు వచ్చినవి?" ఈ ప్రశ్నలో దోషము లేదు గాని, ఇది చాలదు. మొదటి యేట బిడ్డకు చేయి, చెవి, నాలుక, నడవడి అను నాలుగును కుదురుకొనవలెను. అవి కుదిరిననాడు అక్షరము తానై నిలుచును. అవి కుదురకమునుపే తొందరపెట్టినచో బిడ్డకు చదువన్న భయము పట్టుకొనును.

ముందుగా చేతి మాట. అక్షరాభ్యాసమునాడు పళ్లెరములో బియ్యము పోసి బిడ్డ వ్రేలు పట్టి దిద్దించు మన యాచారమున గొప్ప వివేకమున్నది. వెనుకటి వీధిబడులలో ఇసుకపై దిద్దించెడివారు. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ మదరాసు ప్రభుత్వమునకు పంపిన నివేదికలో, బడిలో చేరిన బిడ్డ మొదట చేయు పని ఇసుకలో వ్రేలితో అక్షరములు వ్రాయుటయే యని తెలిపెను. అంతకుమునుపే మదరాసు ఎగ్మూరునందలి అనాథ బాలుర శాలకు పెద్దగా నుండిన బెల్ దొర ఈ పద్ధతిని మన దేశపు బడిపిల్లలవద్ద చూచి, తన శాలలో ప్రవేశపెట్టి, 1797లో లండనున పుస్తకముగా ప్రకటించెను. మన యిసుకబడి ఆ విధముగా ఇంగ్లండు చేరినది.

దీని మర్మము శరీరశాస్త్రము చెప్పుచున్నది. మణికట్టునందు ఎనిమిది చిన్న యెముకలు కలవు. పుట్టినప్పుడు అవి మెత్తని మృదులాస్థి రూపముననే యుండును. వానిలో కొన్ని నాలుగైదేండ్ల ప్రాయమునగాని గట్టిపడ నారంభింపవు. ఒకటి ఎనిమిదవయేటి దాపునకు వచ్చువఱకు మెత్తగానే యుండును. అట్టి చేతికి సన్నని గీతల నడుమ ఒకే యక్షరము నూఱుమార్లు వ్రాయు పని యిచ్చుట భారమే కదా! అంతకంటె చిక్కుడుకాయలు ఒలిపింపుడు, పూలు గ్రుచ్చింపుడు, ముగ్గు చుక్కలు కలిపింపుడు, పలకపై సున్నలు చుట్టింపుడు. మన లిపి గుండ్రనిది. సున్న చుట్టుట వచ్చిన చేతికి తలకట్టు పెట్టిన 'ర' వచ్చును. నడుమ చుక్క యుంచిన 'ఠ' వచ్చును. బిడ్డ యెడమచేత బలపము పట్టినచో చేతిపై కొట్టకుడు. అది పుట్టుకతో వచ్చిన వాలకము గాని దుర్గుణము కాదు.

పిదప చెవి. 'పలక' అను మాటలో ప, ల, క అను మూడు ధ్వనులున్నవని చెవికి తెలిసినగాని కంటికి అక్షరము తెలియదు. వంట చేయుచునే "ఉప్పువలె 'ఉ'తో మొదలగు మాట చెప్పుము" అని యడుగవచ్చును. 'పడి'యు 'పాడి'యు వేఱని, 'అత'కును 'అత్త'కును భేదమున్నదని విన్న బిడ్డకు గుణింతములును ఒత్తులును తరువాత సులభములగును. మాటలును బిడ్డ యెఱిగినవి కావలెను. నాగాయలంక బిడ్డకు వల, పడవ, తెడ్డు, పీత. గుడివాడ బిడ్డకు వరి, కాలువ, గట్టు. బందరు బిడ్డకు ఓడ, రేవు. పెడనలో కలంకారీ అద్దకము చూచు బిడ్డకు అచ్చు, రంగు. ఇవియే మంచి తొలిపాఠములు. ఇంటి మాటను బడిలో పలికిన బిడ్డను నవ్వరాదు; నవ్విననాడు ఆ నాలుక మూతబడును.

2020-21 విద్యాసంవత్సరమున మన రాష్ట్రమున ఒక పుట తెలుగునను ఎదుటి పుట ఇంగ్లీషునను గల పాఠ్యపుస్తకములు వచ్చినవి. ఇంగ్లీషు రాని తల్లులు "మాకేమి తెలియును" అని వెనుదీయుచున్నారు. అది తగదు. తెలుగున కథ విని మఱల చెప్పగల బిడ్డ ఏ భాషనైనను త్వరగా పట్టును.

లెక్క విషయమును ఇట్టిదే. నూఱు వఱకు వల్లించు బిడ్డను ఏడు చింతపిక్కలు తెమ్మన్నచో తడబడుట మేమెఱుగుదుము. పిక్కలను పదులుగా కుప్పలు పెట్టింపుడు. ఇరువదిమూడు అనగా రెండు పదులును మూడును అని మన భాషయే చెప్పుచున్నది. వామనగుంటలాటలో చేతికి లెక్క వచ్చును.

2021లో కేంద్ర ప్రభుత్వము 'నిపుణ్ భారత్' పేర ప్రకటించిన లక్ష్యములలో, ఒకటవ తరగతి ముగియునాటికి బిడ్డ నాలుగైదు సులభపదముల చిన్న వాక్యమును చదువుట, 99 వఱకు అంకెలు చదివి వ్రాయుట, చిన్న కూడికలు తీసివేతలు చేయుట అనునవి చేర్చబడినవి. చూచితిరా, ఒక యేడు పూర్తిగా చదివినపిదప కోరునది ఇంతియే! దసరానాటికే పేజీలకు పేజీలు వ్రాయవలెనని మనమేల పట్టుపట్టవలెను?

ఇక నడవడి. తన పేరు స్పష్టముగా చెప్పుట, వంతు వచ్చువఱకు ఆగుట, అవసరమైనప్పుడు వెలుపలికి పోవుట కడుగుట, చేతులు కడిగికొని పంక్తిలో నలుగురితో కలసి భుజించుట — ఇవన్నియు పాఠములే. గోదావరి లంకలలో అన్నదాత్రిగా వెలసిన డొక్కా సీతమ్మగారి పేరు 2024లో బడి మధ్యాహ్నభోజనమునకు పెట్టబడినది. ఏ యింటి బిడ్డయైనను ఒకే పంక్తిని కూర్చుండుట మొదటి యేటనే అలవడవలెను.

అన్నిటికంటె మేము విన్నవింపదలచినది వెనుకబడు బిడ్డను గూర్చి. నాట్లకాలమున తల్లి తెల్లవాఱకముందే పొలమునకు పోవును. చంటిబిడ్డకు కాపుగా ఆఱేండ్ల ఆడపిల్లను ఇంట నిలుపుదురు. నెల గడచి ఆ పిల్ల బడికి వచ్చునప్పటికి తరగతి గుణింతములలో నుండును. తెలియక మౌనము వహించును. మొద్దని పేరు పడును. పేరు పడినపిదప బడి మానుట కెంతయో కాలము పట్టదు. అమ్మలారా, మూడేండ్లు నిండిన తమ్ముని అంగన్‌వాడీకి పంపుడు. పాలుత్రాగు బిడ్డకు అవ్వనో పొరుగువారినో వేడుకొనుడు. ఆ పిల్లను మాత్రము బడి మాన్పింపకుడు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు ఉచిత నిర్బంధ విద్యను బిడ్డ హక్కుగా చేసినది. బడిలో బిడ్డను కొట్టుటను, చేర్చుకొనుటకు పరీక్ష పెట్టుటను నిషేధించినది. బడిలో కూడని దెబ్బ ఇంట మాత్ర మేల?

బిడ్డ మాటాడకున్న మొద్దనుకొనకమునుపు చెవి చక్కగా వినబడుచున్నదో, కన్ను నల్లబల్ల చూడగలుగుచున్నదో వైద్యునిచే పరీక్షింపజేయుడు. ఉపాధ్యాయుని కలసి మాటాడుడు. పొరుగింటి బిడ్డతో పోల్చకుడు. రాత్రి అన్నము పెట్టునప్పుడు "ఎన్ని అక్షరములు వచ్చినవి?" అనుటకు మాఱుగా, "ఈ దినము ఎవరి ప్రక్క కూర్చుంటివి? ఏ కథ వింటివి?" అని యడుగుడు. బిడ్డ చెప్పునది తుదివఱకు వినుడు. చదువు రాని తల్లియు చేయగల ఉపాధ్యాయత్వ మిదియే.