నడిచింది నేనా, కుక్కా?

మా వీధి చివరింట్లో ఒకమ్మాయి ఉంది. పదో తరగతి దాకా తెలుగులోనే చదివి, ఇప్పుడు బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం తీసుకుంది. మొన్నామధ్య ఒక సాయంత్రం నోటుబుక్కు పట్టుకుని వచ్చి, “మాస్టారూ, నేను గ్రూపు మార్చుకుందామనుకుంటున్నానండీ” అంది. ఏమమ్మా అంటే నోటుబుక్కు తెరిచి నా ముందు పెట్టింది.

ఎడమ వైపు ఇంగ్లీషు మాటలు: సిమిలీ, మెటఫర్, ఐరనీ, సాలిలొక్వీ, హమార్షియా, పార్టిసిపుల్. కుడి వైపు వాటి తెలుగు అర్థాలు. బజార్లో కొన్న ఏదో గైడులోంచి ఎక్కించుకున్నవట. “అన్నీ కంఠతా వచ్చండీ. పద్యం ఇచ్చి ఇందులో ఏముందో చెప్పమంటే మాత్రం ఒక్కటీ కనబడదు” అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

నేను తెలుగు పంతుల్ని. ఇంగ్లీషువారి పెరట్లోకి పోవడం నా పని కాదు. కాని ఆ కుడి వైపు మాటలన్నీ మావే! అవి చేసిన అపకారానికి నేనే జవాబు చెప్పాలి కదా?

సిమిలీ అంటే ఉపమ. ఇంతవరకు పేచీ లేదు. అయితే ‘వాడు వాళ్ళ నాన్నలా పొడుగు’ అంటే ఉపమ కాదు, సిమిలీ కూడా కాదు. అది ఉత్త పోలిక. రెండు వేరు వేరు జాతుల వస్తువుల్ని పక్కపక్కన నిలబెడితేనే అలంకారం. ‘లైక్’ కనబడ్డ చోటల్లా సిమిలీ అని రాసి ఈ పిల్ల రెండు మార్కులు పోగొట్టుకుంది.

మెటఫర్ దగ్గర అసలు చిక్కు వచ్చింది. గైడులో దానికి రూపకం అని ఉంది. నాలుగు పేజీల తరవాత డ్రామా అన్న మాటకీ రూపకం అనే ఉంది! రెండూ తప్పు కాదు. మన శాస్త్రంలో అలంకారమూ రూపకమే, నాటకాది దశవిధ దృశ్యకావ్యాలూ రూపకాలే. ఆ సంగతి చెప్పేవాళ్ళుండాలి. పైగా మెటఫర్ మన రూపకాలంకారం కన్నా చాలా పెద్ద సంచీ. ముఖచంద్రుడు అంటే రూపకం. ముఖమూ కనబడుతోంది, చంద్రుడూ కనబడుతున్నాడు. ‘ధరలు మండిపోతున్నాయి’ అంటే? నిప్పు అన్న మాటే లేదు. మనవాళ్ళు దాన్ని లక్షణ అంటారు. ఇంగ్లీషువాడికి అదీ మెటఫరే. ఈ మాటకు గ్రీకులో ఒక చోటి నుంచి మరో చోటికి మోసుకుపోవడమని అర్థం. నేటికీ గ్రీసు దేశంలో ఇంటి సామాన్లు మోసే లారీల మీద ఈ మాటే బహువచనంలో రాసి ఉంటుంది.

“ఐరనీ అంటే వ్యాజస్తుతి అని రాశాను” అంది అమ్మాయి. పొగుడుతున్నట్టు తిట్టడం వ్యాజస్తుతి. ‘మా కోడలు ఎంత చురుకైందో, పొద్దున్న పదింటికల్లా కాఫీ ఇచ్చేసింది’ అన్న అత్తగారి మాటకు ఆ పేరు చాలు. కాని నాటకంలో వచ్చే ఐరనీకి చాలదు. అక్కడ వెటకారం ఉండదు. పాత్రకు తెలియనిది మనకు తెలుస్తుంది. దానివల్ల ఆ పాత్ర అన్న మామూలు మాట మన గుండెల్లో గుచ్చుకుంటుంది.

దీనికి మన నాట్యశాస్త్రంలో దగ్గర చుట్టం లేకపోలేదు. పేరు పతాకాస్థానకం. గైడు రాసినవారికి ఇది గుర్తు రాలేదు కాబోలు. ‘మాక్బెత్’ మొదటి అంకం నాలుగో దృశ్యం చూడండి. తనకు ద్రోహం చేసిన ఒక సామంతుణ్ణి తలుచుకుని డంకన్ రాజు, మనిషి ముఖం చూసి మనసు కనిపెట్టే విద్య లేదనీ, వాణ్ణి పూర్తిగా నమ్మాననీ వాపోతుంటాడు. సరిగ్గా ఆ క్షణాన మాక్బెత్ లోపలికి వస్తాడు. రాజు ఎంతో ఆదరంగా పలకరిస్తాడు. ఆ రాజును ఇతనే చంపబోతున్నాడు.

ఇప్పుడు భవభూతి ‘ఉత్తరరామచరితం’లోకి రండి. అదీ మొదటి అంకమే. నిద్రపోతున్న సీతను చూస్తూ రాముడు, ఈమె విషయంలో సహించలేనిది ఒక్క ఎడబాటే అని అనుకుంటాడు. ఆ మాట నోట ఉండగానే ప్రతీహారి ప్రవేశించి, వచ్చింది ప్రభూ అన్నట్టు విన్నవిస్తుంది. ఏది వచ్చింది? వచ్చినవాడు దుర్ముఖుడనే చారుడు. వాడు మోసుకొచ్చిన లోకాపవాదంతో నిజంగానే ఎడబాటు వచ్చింది. ఇద్దరు మహాకవుల మధ్య దాదాపు తొమ్మిది వందల ఏళ్ళు, సముద్రాలు అడ్డం. మనిషి ముందు వెనకలు చూడలేడన్న సంగతిని ఇద్దరూ ఒకే గుమ్మంలోంచి ప్రవేశపెట్టారు.

అమ్మాయి నోటుబుక్కులో రాసుకోవడం మానేసి వింటోంది. నాకు హుషారెక్కింది.

సాలిలొక్వీకి స్వగతం అని రాయడం మామూలే. కాని మన స్వగతం పలికేటప్పుడు పక్కన ఇతర పాత్రలుండవచ్చు. వాళ్ళకు వినపడనట్టు లెక్క. అది ఇంగ్లీషువారి అసైడ్‌కు దగ్గర. ఒంటరిగా నిలబడి మనసు విప్పడం చూడాలంటే గురజాడ ‘కన్యాశుల్కం’ తెర లేవగానే గిరీశం ఉన్నాడు. హమార్షియాకు గైడు ఇచ్చిన అర్థం ‘నాయకుని దుర్గుణం’. గ్రీకులో దాని ధాతువుకు గురి తప్పడమని అర్థం. అరిస్టాటిల్ చెప్పిన పొరపాటు వేరు, దుర్మార్గం వేరు. ఈడిపస్ చెడ్డవాడు కాదు, తెలియక చేశాడు.

ఇక వ్యాకరణం. కర్మణి ప్రయోగం గురించి ఒక్క మాట. ‘నా సైకిలు దొంగిలించబడింది’ అని మనం ఇంట్లో అనం. ‘సైకిలు ఎత్తుకుపోయారు’ అంటాం. ఎవరో తెలియని ఆ ‘రు’లోనే ఇంగ్లీషువాడి పాసివ్ వాయిస్ దాగుంది.

పార్టిసిపుల్‌కు ఉదాహరణ ఇమ్మన్నాను. అమ్మాయి గబగబా రాసింది: ‘వాకింగ్ ఆన్ ది రోడ్, ఎ డాగ్ బిట్ మి.’

“ఎవరమ్మా నడిచింది?”

“నేనేనండీ.”

“నువ్వు రాసిన వాక్యంలో కుక్క నడుస్తోంది.”

తప్పు ఆమె తెలివిది కాదు, మాతృభాషది. ‘రోడ్డు మీద నడుస్తుంటే కుక్క కరిచింది’ అన్నది చక్కని తెలుగు. ‘నడుస్తుంటే’ తరవాత కర్త మారవచ్చు. ‘నడుస్తూ’ అన్న శత్రర్థకం తరవాత మారకూడదు. ‘నేను నడుస్తూ కుక్క కరిచింది’ అంటే మన బామ్మలు కూడా నవ్వుతారు. ఇంగ్లీషు వాక్యం మొదట్లో ఇలా వచ్చే ‘ఇంగ్’ మన ‘నడుస్తూ’కు అన్న, ‘నడుస్తుంటే’కు కాదు. ఈ ఒక్క తేడా తెలుగులో చెప్పేవారు లేక ఎంతమంది పిల్లలు తమకు ఇంగ్లీషు రాదనుకుని కుంగిపోతున్నారో!

ఆమె కాసేపు ఆలోచించి, మొదట ‘యాజ్ ఐ వాజ్’ తగిలించి వాక్యం సరిదిద్దింది. పుస్తకం మూసి లేచింది. గ్రూపు మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగింది.

“మాస్టారూ, కుక్క అసలు నడవనే లేదండీ. పడుకునుంది. నేనే చూసుకోక తోక తొక్కాను.”