మొదటి ముక్క వేసే ముందు

మా కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతంలో బ్రిడ్జి అంటే ఎవరికైనా గోదావరి మీది వంతెనే గుర్తుకొస్తుంది. 1965లో అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రారంభించిన వంతెన అది. పెళ్ళయిన కొత్తలో నేను "శనివారం సాయంత్రాలు బ్రిడ్జికి వెళ్తాను" అంటే మా ఆవిడ, "గోదావరి చూడ్డానికి చీకట్లో నలభై కిలోమీటర్లు పోవాలా అండీ?" అన్నది. అది పేకాట అని తెలిశాక వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. కాలేజీలో తెలుగు చెప్పే మనిషి పేక పట్టుకోవడమా అని ఆవిడ బాధ.

ఆవిడను సమాధానపరచడానికి నేను సుప్రీం కోర్టు దాకా వెళ్ళవలసి వచ్చింది! సికిందరాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో ఆ కోర్టు రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని తేల్చింది. ముక్కలు పంచడంలో ఉండే అదృష్టం బ్రిడ్జిలో ఉన్నటువంటిదేనని పోలిక కూడా చెప్పింది. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ అనే మన జోడీ బ్రిడ్జిలో బంగారు పతకం తెచ్చాక మా ఆవిడ కాస్త మెత్తబడింది. బర్ధన్ గారికి అప్పటికి అరవై ఏళ్ళని చదివి, "అయితే మీకింకా టైముంది" అన్నది.

పదిహేను మాటల భాష

తెలియని వారికోసం రెండు ముక్కలు చెబుతాను. నలుగురు ఆటగాళ్ళు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జోడీ. మనిషికి పదమూడు ముక్కలు. ముందు వేలంపాట, మేమిన్ని పట్లు పడతామని పందెం కట్టినట్టు పాడాలి. పాట గెలిచినవాడు ఆడతాడు. మొదటి ముక్క ఎదుటివాళ్ళు వేశాక, అతని జోడీ తన ముక్కలన్నీ బల్లమీద పరిచేసి డమ్మీ అయిపోతాడు. ఇక రెండు చేతులూ ఆడేవాడివే. ఇప్పుడు మనం ఆడే పద్ధతిని 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే అమెరికన్ ఓడ ప్రయాణంలో స్థిరపరిచాడు.

పాటలో జోడీకి సైగ చెయ్యకూడదు, దగ్గకూడదు. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, కళావరు, డైమను, ఆఠీను, ఇస్పేటు, నోట్రంపు, ఇవికాక పాస్, డబుల్, రీడబుల్. మొత్తం పదిహేను మాటలు. యాభై ఆరు అక్షరాలు చేతిలో ఉండి కూడా మనం ఒకరినొకరం అపార్థం చేసుకుంటాం. ఈ పదిహేను మాటలతో చేతిలోని పదమూడు ముక్కల బలాన్ని జోడీకి చెప్పాలి! ఒక మనిషికి పడగల చేతులు 63,501 కోట్ల 35 లక్షల 59 వేల 600.

పోటీ ఆటలో మరో తమాషా ఉంది. ఒకసారి పంచిన ముక్కలనే అట్టపెట్టెల్లో పెట్టి, బల్లబల్లకూ తిప్పుతారు. అందరికీ అవే ముక్కలు. చివరికి ఎవరెన్ని పట్లు పట్టారో కాగితం మీద తేలుతుంది. "ముక్కలు పడలేదండీ" అనే సాకు అక్కడ చెల్లదు.

నేను చేసిన నిర్వాకం

నా జోడీ ఒక రిటైర్డు గని ఇంజనీరు గారు. భద్రాచలంలో స్థిరపడ్డారు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. శనివారం శనివారం అడవిదారిన బస్సెక్కి, పాల్వంచ మీదుగా మా క్లబ్బుకు వచ్చేవారు. ఆరేళ్ళలో ఒక్కనాడూ నా ఆటను తప్పుపట్టి ఎరగరు.

ఒకసారి హైదరాబాదులో పోటీకి వెళ్ళాం. ఒక ఆటలో నా చేతిలో ఇస్పేటు, ఆఠీను ఆసు రాజులు రెండేసి, కళావరు రాజు. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున లెక్కిస్తే పదిహేడు. నోట్రంపు ఒకటి పాడాను. ఆయన నేరుగా మూడు అన్నారు. అంటే తొమ్మిది పట్లు కావాలి. కళావరు పడింది. ఆయన ముక్కలు పరిచారు: డైమను రాజు, రాణి, జాకీ, పది, తొమ్మిది; కళావరు ఆసు. మిగిలినవన్నీ చిల్లర. నా దగ్గర డైమన్లు రెండే, చిన్నవి.

చేతిలో రాజు ఉంచుకుందామని ఆ కళావరును డమ్మీ ఆసుతో పట్టేశాను. డైమను రాజు వేశాను. ఆసు ఉన్నవాడు నవ్వి ఊరుకున్నాడు. రాణి వేశాను, అప్పుడు పట్టాడు. నా డైమన్లు అయిపోయాయి. జాకీ, పది, తొమ్మిది ఎదురుగా బల్లమీద మెరుస్తున్నాయి, వాటిని చేరే దారి లేదు. తొమ్మిది కావలసినచోట ఏడు పట్టాను.

"ఈపాటి చేతితో మూడు దాకా ఎందుకు లాగారండీ?" అన్నాను, అందరూ వింటుండగా.

"సరే మాస్టారూ" అన్నారాయన. తిరుగు బస్సులో ఇద్దరం కిటికీలు చూసుకుంటూ వచ్చాం. మరుసటి శనివారం ఆయన రాలేదు. ఆపైన కూడా రాలేదు.

రెండు నెలల తర్వాత, బదిలీ మీద వచ్చిన ఒక కుర్ర ఇంజనీరుకు ఆట నేర్పుతూ, జోడీ ఎక్కువ పాడితే ఏమవుతుందో చూపిద్దామని అవే ముక్కలు పరిచాను. ఆ అబ్బాయి కాసేపు చూసి, "సార్, మొదటి పట్టు మీ చేతి కళావరు రాజుతో పట్టుంటే? ఆసు డమ్మీలో ఉండిపోయేది కదా, డైమన్ల దగ్గరికి దారి అదే కదా!" అన్నాడు.

నాకు చెమటలు పట్టాయి. పది పట్లు వచ్చే ఆట అది. ఆయన చేతిలో బలం పది, నాది పదిహేడు; పాట తప్పు కాదు. వంతెనను నేనే కూల్చి, అవతలి ఒడ్డున ఉన్నవాణ్ణి ఎందుకు రాలేదని గద్దించాను!

వంతెన దాటి

ఆదివారం పొద్దున్నే భద్రాచలం బస్సెక్కాను. ఆయన వాకిట్లో పేపరు చదువుకుంటున్నారు. "కళావరు రాజు వెయ్యాల్సిందండీ" అన్నాను, నమస్కారం కూడా మరిచి.

ఆయన నవ్వారు. "అవును మాస్టారూ."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"బల్ల దగ్గర చెప్పిన మాట ఎవరి చెవికీ ఎక్కదు. పైగా మీరు మాట వినే స్థితిలో లేరు. రండి, కాఫీ తాగుదాం."

ఆనాడు ఇద్దరం మూడు నియమాలు రాసుకున్నాం. ఆడేవాడు డమ్మీ పరవగానే ముక్క తాకకూడదు. ఖాయమైన పట్లు ఎన్ని, తక్కువైనవి ఎక్కడ వస్తాయి, అక్కడికి దారేది అని లెక్క చూశాకే మొదటి ముక్క. రెండోది, ఆట ముగిసేదాకా తప్పుల మాట ఎత్తకూడదు. మూడోది, తరువాత నోటుపుస్తకంలో ఎవరి తప్పు వారే రాసుకోవాలి. జోడీ తప్పు రాయకూడదు.

నా పుస్తకంలో ఇప్పటికి తొంభై పేజీలు నిండాయి. ఆయనది పన్నెండు. మా ఆట మెరుగుపడిందంటే ఆ పుస్తకాల వల్లే.

మొన్న మా ఆవిడ ఆ పుస్తకం తిరగేసి, "బాగానే ఉందండీ. మరి ఇంట్లోకి కూడా ఒకటి కొనుక్కోరాదూ?" అన్నది.

కొన్నాను. మొదటి పేజీ అప్పుడే నిండింది.