తలసీమియా: ముందే తెలుసుకుంటే మేలు

తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యవంతులే. అయినా బిడ్డ కొద్ది నెలలకే పాలిపోయి, జీవితాంతం రెండు మూడు వారాలకొకసారి రక్తమెక్కించుకోవలసి వస్తుంది. ఇదే బీటా తలసీమియా మేజర్.

ఇందుకు కోడలిని నిందించడం అన్యాయం. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి లోపభూయిష్టమైన జన్యువులు సంక్రమించినప్పుడే ఈ వ్యాధి వస్తుంది. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ ఈ అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది కనుక రెండవ బిడ్డకు రాదనుకోరాదు.

హిమోగ్లోబిన్ ఎ2 శాతాన్ని కొలిచే రక్తపరీక్షతో సాధారణంగా వాహకులను గుర్తించవచ్చు. దీనిని వివాహానికి ముందో, గర్భం దాల్చిన తొలి వారాలలోనో చేయించుకోవాలి. ఇద్దరూ వాహకులని తేలితే, 11వ వారం తరువాత మావి కణాలను గాని, సుమారు 16వ వారంలో ఉమ్మనీటిని గాని సేకరించి శిశువు జన్యువులను పరీక్షిస్తారు. వీటివల్ల గర్భస్రావ ప్రమాదం స్వల్పంగా ఉంటుంది. 1994 నాటి చట్టం లింగనిర్ధారణను నిషేధించింది; ఇటువంటి వ్యాధి నిర్ధారణను మాత్రం గర్భిణి లిఖితపూర్వక సమ్మతితో అనుమతించింది.

వ్యాధితో పుట్టిన బిడ్డకూ ఆశ లేకపోలేదు. సరిపోలిన దాత లభిస్తే మూలుగ మార్పిడితో వ్యాధి నయం కావచ్చు. ఇందుకు సహాయపడేందుకు మన సోదర సంస్థ కోల్ ఇండియా 2017లో ఒక పథకాన్ని ప్రారంభించింది.

సంబంధం కుదుర్చుకునేటప్పుడు జాతకాలతోపాటు ఈ రక్తపరీక్ష ఫలితాన్నీ చూడటం విజ్ఞత.