తెల్లవారేసరికి వుబ్బిన మొహం

"రాత్రంతా యేడ్చావా యేమిటి?" అన్నారు మావారు, పోయిన వేసవిలో ఒకనాటి పొద్దున పేపరు మీంచి తలయెత్తి. యేడవలేదు సరికదా, రాత్రి పదింటికి కొత్తావకాయతో నాలుగు ముద్దలు యెక్కువే తిన్నాను. అద్దంలో చూసుకుంటే కళ్ళకింద సంచులు, పూరీల్లా పొంగిన బుగ్గలు!

తప్పు ఆవకాయలోని ఉప్పుది. ఉప్పు వొంట్లో నీటిని పట్టి వుంచుతుంది. పగలు తిరుగుతున్నంతసేపూ ఆ నీరు పాదాలకేసి దిగుతుంది. పడుకోగానే మొహంలోకీ సర్దుకుంటుంది. కనురెప్పల చర్మం మరీ పల్చన గనుక ముందు అక్కడే బయటపడుతుంది. పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే చిన్నచెంచాడు కూడా కాదు. మన పచ్చళ్ళ జాడీలు వింటే నవ్వుతాయి!

పక్కింటి అమ్మాయి మొహం మీద దొర్లించే రాతి రోలరు కొనమంది. చేతులుండగా రాయెందుకని నేను కొనలేదు. కాని ఆ పద్ధతి సంగతి తెలుసుకున్నాను. డెన్మార్కు దేశస్థులు యెమిల్ వాడర్, ఆయన భార్య యెస్ట్రిడ్ 1930 తరువాతి సంవత్సరాల్లో ఫ్రాన్సులో వుండగా, పడిశం వదలని రోగులకి మెడలో బిళ్ళలు వాచివుండడం గమనించి, అక్కడ మెత్తగా నిమరడం మొదలుపెట్టారు. 1936లో ఆ పద్ధతిని పారిస్‌లో నలుగురికీ చూపించారు.

కాలికి పుండయితే గజ్జల్లో బిళ్ళ కట్టిందంటామే, అలాంటి బిళ్ళలే ఇవీ. కణాల మధ్య మిగిలిన నీరు లింఫు అనే పేరుతో సన్నని నాళాల్లో బయలుదేరి, యీ బిళ్ళల్లో వడగట్టుకుని, మెడ దిగువన తిరిగి రక్తంలో కలుస్తుంది. రక్తానికి గుండె వున్నట్లు దీనికి వేరే పంపు లేదు. నాళాలు ముడుచుకోవడం, కండరాలు కదలడం, మనం ఊపిరి తీయడం, వీటితోనే సాగాలి.

అందుకని కింద దారి చేసి తరువాత పైకి రావాలి. మెడ దిగువన అడ్డంగా కనిపించే యెముకల పైగుంటల్లో ముందు వేళ్ళానించి, చర్మం మాత్రమే కదిలేలా నిమురుతాను. పిమ్మట చెవుల దగ్గరనుంచి మెడ కిందికి. ఆఖరున ముక్కు పక్కలనుంచి చెవులకేసి. పసిపిల్ల బుగ్గ తాకినంత మెత్తగా సుమండీ, నలుగు పెట్టినట్లు కాదు! అయిదు నిమిషాలు చాలు. జ్వరం, చర్మం మీద చీము, గుండెజబ్బు, కాన్సరు వున్నవాళ్ళు మాత్రం డాక్టరు నడక్కుండా చేయకూడదు.

వాపు తగ్గుతుంది, కాని కొద్ది గంటల ముచ్చటే. నాకు అసలు గుణమిచ్చినవి యెనిమిదింటికే భోజనం, రాత్రిపూట పచ్చడి మానడం, తలకింద మరో దిండు, పొద్దున్నే అరగంట నడక.

ఇక్కడితో ఆపితే నా గొప్ప చెప్పుకోవడమే అవుతుంది. ఉగాదికి మా వదిన వచ్చింది. ఆమె మొహమూ వుబ్బే వుంది. "బాగా వొళ్ళు చేశావు వదినా!" అని వేళాకోళం చేసి, నా విద్య నేర్పి పంపాను. పాపం, రెండు నెలలు వదలకుండా చేసింది. నాకు మధ్యాహ్నానికి దిగేది, ఆమెకి సాయంత్రానికీ దిగేది కాదు. యెండాకాలంలో ఫాను ఆపమనేది. యెంత నిద్రపోయినా బడలికే. గొంతు బొంగురుపోయింది. అన్నీ నాతో ఫోనులో చెబుతూనే వుంది, నేను మాత్రం "ఇంకా మెత్తగా నిమురు" అంటూ వచ్చాను!

చివరికి అన్నయ్య డాక్టరు దగ్గరికి తీసుకువెళితే, రక్తపరీక్షలో థైరాయిడ్ గ్రంథి మందగించిందని తేలింది. ఆ వాపు వుత్త నీరు కాదట, చర్మంలో జిగురులాంటి పదార్థం చేరి నీటిని పట్టుకుంటుందట. నిమిరితే కదిలేది కాదు. మొహంతోపాటు పాదాలూ వాచి, మూత్రం నురగకడుతూంటే మూత్రపిండాలనీ అనుమానించాలి. పెదవులు, నాలుక హఠాత్తుగా వాచి ఊపిరాడకపోతే ఆ క్షణమే ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఇప్పుడు వదిన పరగడుపున మాత్ర వేసుకుని, కాఫీ కోసం గడియారం చూస్తూ కూర్చుంటుంది. "నీ నిమురుడే నయం, యీ అరగంట గడవదు" అంటోంది నిన్న ఫోనులో. గొంతు మునుపటిలాగే వినిపించింది.