అందం కోసం ఆపరేషనా? ముందు ఇవి తెలుసుకోండి
(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను రెండు రోజులపాటు వదిలిపెట్టలేదు. "అక్కయ్యగారూ! మా అమ్మాయి పెళ్ళికి ఇంక పది వారాలే వుంది. పిల్లకి ముక్కు కొంచెం వంకర. వియ్యపురాలు ఆ మాట రెండుసార్లు అంది. ప్లాస్టిక్ సర్జరీ చేయిస్తే పెళ్ళినాటికి సరిపోతుందా? ముఖంలో పెట్టిన ప్లాస్టిక్ ఎండకి కరగదు గదా?" అని రాశారు ఒక తల్లిగారు.

నవ్వకండి. పదో తరగతితో చదువు ఆపేసిన నాకు కూడా ఒకప్పుడు యీ అనుమానమే వుండేది. ఆ తరవాత నా చెవికి ఒకసారి, మా మేనకోడలి ముక్కుకి ఒకసారి ఆ డాక్టర్ల దగ్గరికి వెళ్ళవలసి వచ్చి, అడిగి అడిగి కొంత తెలుసుకున్నాను. అదే ఇవాళ మీతో చెబుతున్నాను.

ముందు పేరు సంగతి. ప్లాస్టిక్ అనే మాట గ్రీకు భాషలోంచి వచ్చింది. మలచడం అని దాని భావం. కుమ్మరి మట్టిముద్దని మలిచినట్టు, డాక్టరు మన చర్మాన్నీ, కొవ్వునీ, ముక్కులోని మెత్తటి ఎముకనీ మలుస్తారు. బకెట్లూ డబ్బాలూ చేసే సరుకుకి ఆ పేరు తరవాత వచ్చింది. కొన్ని ఆపరేషన్లలో సిలికాన్ వంటి వస్తువులు లోపల అమర్చడం వుంది గాని, అది ముందుగా చెప్పి, మన ఒప్పుదల తీసుకునే చేయాలి.

ఇది పరాయి దేశపు విద్య అనుకోవడం కూడా పొరపాటే. తెగిన ముక్కుని తిరిగి చేయడం, తెగిన చెవి తమ్మెని కలపడం సుశ్రుత సంహితలోనే వున్నాయి. టిప్పు సుల్తాను కాలంలో ఆంగ్ల సైన్యానికి ఎడ్లు తోలే కవాస్‌జీ అనే ఆయన ముక్కు కోసేస్తే, పూనాలో మనవాళ్ళే నుదుటి చర్మం మడిచి కొత్త ముక్కు చేశారు. ఆ వైనం 1794లో లండను పత్రికలో పడింది. అది చదివి యూరపు డాక్టర్లు యీ పద్ధతి నేర్చుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికుల కోసం హెరాల్డ్ గిలీస్ అనే డాక్టరు ఇంగ్లండులో దీన్ని ఎంతో ముందుకు తీసుకువెళ్ళారు.

ఇందులో రెండు పాయలు వున్నాయి. గ్రహణం మొర్రి కుట్టడం, కాలిన ఒంటికి చర్మం అతకడం, ప్రమాదంలో చితికిన చేతిని బాగుచేయడం ఒక పాయ. అది అవసరం. రెండోది, ఆరోగ్యంగా వున్న శరీరాన్నే మరికాస్త నచ్చేటట్టు మార్చుకోవడం. మామూలుగా ఆరోగ్య బీమావాళ్ళు దీనికి డబ్బు ఇవ్వరు. మన చేతి సొమ్మే పెట్టుకోవాలి. నేను ఇవాళ చెప్పేది ఎక్కువగా యీ రెండోదాన్ని గురించి.

అన్నిటికంటే చిన్నది చెవి. మా రెండోవాడు చంటిపిల్లవాడుగా వున్నప్పుడు నా బుట్టకమ్మ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. తమ్మె రెండుగా చీలిపోయింది. పదిహేనేళ్ళు జుట్టు కిందకి దువ్వుకుని కప్పిపుచ్చాను. తీరా చేయించుకుంటే ముప్పావుగంట పని! చెవికి మాత్రమే మత్తుసూది ఇస్తారు. ఆ సూది నొప్పే నొప్పి. చీలిన అంచులు అప్పటికే మానిపోయి వుంటాయి గనక, ఉత్తినే దగ్గరికి చేర్చి కుడితే అతుక్కోవు. అంచుల్ని కొద్దిగా చెక్కి, పచ్చి చేసి, అప్పుడు కుడతారు. అదే రోజు ఇంటికి వచ్చి వంట చేసుకున్నాను. వారానికి కుట్లు తీశారు. రెండు మూడు నెలలు ఆగి, పాత గీత మీద కాకుండా పక్కన కొత్తగా కుట్టించుకోవాలి. బరువైన కమ్మలు పెట్టుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని మా అమ్మ ఇచ్చిన బుట్టలు బీరువాలోనే వున్నాయి.

ఒక్క హెచ్చరిక. కొందరి ఒంటికి దెబ్బ తగిలినచోట మచ్చ మానకుండా కండ పెరిగి గట్టిగా ఉబ్బుతుంది. కీలాయిడ్ అంటారు. టీకా వేసినచోట గాని, ఇదివరకు చెవులు కుట్టినచోట గాని మీకు అలా పెరిగి వుంటే, ఏ ఆపరేషనుకైనా ముందు డాక్టరుతో చెప్పి తీరాలి.

ఇహ ముక్కు. మా అన్నయ్య కూతురికి ముక్కు దూలం వంకర. రాత్రిళ్ళు నోటితో ఊపిరి పీల్చేది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళెవరో ఏదో అన్నారని మొదట వదిన పట్టుబట్టింది. మొదట వెళ్ళినచోట డాక్టరే కనబడలేదు. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి ఫోటోలు చూపించి, "ఈ వారంలో కడితే తగ్గింపు వుంది" అంది. చీర బేరమా అది? లేచి వచ్చేశాం. రెండోచోట డాక్టరమ్మ మమ్మల్ని బయట కూర్చోబెట్టి, పిల్లనొక్కదాన్నే లోపలికి పిలిచి మాట్లాడింది. "ఎవరి కోసం అమ్మా ఇది?" అని అడిగిందట. ఆ ప్రశ్నకి మా పిల్ల దగ్గర జవాబు లేక మూడు వారాలు గడువు తీసుకుంది. చివరికి, "ఊపిరి సరిగ్గా ఆడాలి అత్తయ్యా, అద్దం ముందు నేను నిలబడగలగాలి. పెళ్ళివాళ్ళ సంగతి నాకొద్దు" అంది. పెళ్ళిచూపులు ఒక ఏడాది ఆపించి, అప్పుడు చేయించుకుంది.

ముక్కు ఎదుగుదల ఆగేదాకా ఇది చేయరు. ఆడపిల్లలకి పదిహేను పదహారేళ్ళు నిండాలి. ఎక్కువగా ఒళ్ళంతా మత్తు ఇచ్చే చేస్తారు, రెండు మూడు గంటలు పట్టవచ్చు. ముక్కు మీద గట్టి పట్టీ వేసి వారం వుంచుతారు. నాలుగోనాడు దానికి అద్దం ఇచ్చి నేనే తప్పు చేశాను. కళ్ళ కింద నల్లగా కమిలి, బుగ్గలు ఉబ్బి, "నా ముఖం ఏమైపోయింది అత్తయ్యా" అని గోలుగోలున ఏడిచింది. ఆ వాపూ కమురూ అందరికీ వుండేవే. రెండు వారాలకి చాలావరకు తగ్గాయి. కాని సన్నటి వాపు లోపల వుండిపోతుంది. ముక్కుకి అసలు రూపు రావడానికి ఏడాది పడుతుంది. కొన్ని వారాలు కళ్ళజోడు బరువు ముక్కు మీద పడకూడదు. గట్టిగా చీదకూడదు. బొమ్మలో చూపించినట్టే వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కొందరికి మళ్ళీ ఇంకోసారి సరిచేయవలసి వస్తుంది.

మూడోది, మన ఆడవాళ్ళు చాటుగా అడిగేది, పొట్ట. కాన్పుల తరవాత జారిన చర్మం ఎన్ని వ్యాయామాలు చేసినా బిగియదు. ఆ మిగిలిన చర్మాన్ని కోసి తీసి, విడిపోయిన కండరాలని దగ్గరికి కుట్టడం ఒక ఆపరేషను. ఇది చిన్నది కాదు. బొడ్డు కింద ఒక తుంటి నుంచి రెండో తుంటిదాకా గీత మిగులుతుంది. చీర కుచ్చిళ్ళ కింద దాగుతుంది గాని, పోదు. లోపల చేరే నీరు బయటికి రావడానికి కొందరికి గొట్టాలు పెడతారు. కొన్నాళ్ళు నడుం వంచుకునే నడవాలి. సుమారు ఆరు వారాలు బిందె ఎత్తకూడదు, పిల్లవాణ్ణి చంకనెత్తుకోకూడదు. ఇంట్లో ఆ పనులు ఎవరు చేస్తారో ముందే తేల్చుకోండి. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఆ కాన్పులయ్యాకే దీని మాట ఎత్తాలి.

కొవ్వు పీల్చి తీయడం వేరు. దాన్ని లైపోసక్షన్ అంటారు. 1970ల చివర ఇల్లూజ్ అనే ఫ్రెంచి డాక్టరు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఇది బరువు తగ్గించే ఉపాయం కాదు. తిండీ నడకా సరిచేసుకున్నా ఒకచోట మొండిగా మిగిలిపోయిన కొవ్వుని తీయడం మాత్రమే. చర్మం వదులుగా వుంటే అది అలాగే వుంటుంది. తరవాత మళ్ళీ లావెక్కితే ఫలితం పోతుంది. కొన్ని వారాలు బిగుతుగా వుండే ప్రత్యేకమైన లోదుస్తు వేసుకోవాలి. సూదంత బెజ్జమే గదా అని తేలిగ్గా తీసుకోకండి. ఒకేసారి మరీ ఎక్కువ తీసినా, రక్తం గడ్డకట్టి గాని కొవ్వు గాని ఊపిరితిత్తుల్లోకి వెళ్ళినా ప్రాణానికే ముప్పు. అందుకే సరైన ఆస్పత్రిలో, మత్తు డాక్టరు పక్కన వుండగానే జరగాలి.

ఏ ఆపరేషనైనా సరే, ముందు మీ బి.పి., సుగరు, థైరాయిడ్, మీరు వాడే మాత్రలు అన్నీ దాచకుండా చెప్పండి. ఆస్పిరిన్ రక్తాన్ని పల్చన చేస్తుంది. వెల్లుల్లి మాత్రలు, చేపనూనె మాత్రలు కూడా చెప్పవలసినవే. పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రల సంగతి సిగ్గుపడకుండా చెప్పండి, రక్తం గడ్డకట్టే అవకాశాన్ని అవి కొంత పెంచుతాయి. మీరుగా మాత్రం ఏ మందూ ఆపవద్దు, డాక్టరు చెబితేనే ఆపండి. చుట్టా సిగరెట్టూ అలవాటున్నవాళ్ళు కనీసం నాలుగు వారాల ముందు మానేయాలి, లేకపోతే గాయం మానదు. మత్తు ఇచ్చే ముందు ఆరు గంటలపాటు తిండి వుండకూడదు. నగలన్నీ తీయమంటారు, సూత్రాలతో సహా. ముందుగా అత్తగారితో చెప్పి వుంచండి, ఆఖరి నిమిషంలో రభస వుండదు. గోళ్ళరంగు కూడా తీసేయమంటారు. రక్తంలో ప్రాణవాయువు ఎంత వుందో చూసే చిన్న పరికరం వేలికే తగిలిస్తారు గనక.

తరవాత పథ్యం. "పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు తింటే పుండు మానదు" అని పెద్దవాళ్ళు అంటారు. వాళ్ళ ప్రేమని కాదనను గాని, ఆ మాట మాత్రం నిజం కాదు. కోసిన ఒళ్ళు అతుక్కోవాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూర, అన్నీ తినవచ్చు. వట్టి చారన్నం మీద వుంచితేనే గాయం ఆలస్యంగా మానుతుంది. మచ్చ మొదటి నెలల్లో ఎర్రగా వుండి, ఏడాదిలో మెల్లిగా పాలిపోతుంది. అందాకా ఎండ తగలనివ్వకండి.

జ్వరం, చీము, ఆగని రక్తం, ఒకవైపే హఠాత్తుగా ఎక్కువైన వాపు, కాలిపిక్కలో నొప్పి, ఆయాసం వీటిలో ఏది కనబడినా తెల్లవారనిద్దాం అనుకోకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

డాక్టరుని అడగడానికి మొగమాటపడకండి. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. గాని దానితో సమానమైన డి.ఎన్.బి. గాని చదివారా? ఇలాంటివి తరచు చేస్తుంటారా? మత్తు ఎవరు ఇస్తారు? ఇబ్బంది వస్తే అత్యవసర చికిత్సకి అక్కడే ఏర్పాటు వుందా? మొత్తం ఖర్చెంత, మళ్ళీ సరిచేయవలసివస్తే ఎంత? జవాబులు కాగితం మీద రాయించుకోండి. బ్యూటీ పార్లరులో ఎవరో సూది వేస్తానంటే చెయ్యి జాపకండి.

ఇహ ఆ తల్లిగారికి నా జవాబు. అమ్మా, పది వారాలు చాలవు. పైవాపు తగ్గినా ముక్కు రూపు తేలదు. పీటల మీద పిల్ల మనసు ముహూర్తం మీద కాక ముక్కు మీదే వుంటుంది. ఊపిరికి ఇబ్బంది వుంటే పెళ్ళయ్యాక తీరిగ్గా చూపించండి, అది వైద్యం. అందం కోసమే అయితే ముందు అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి, మా డాక్టరమ్మ అడిగిన ప్రశ్నే అడగండి. "అత్తగారి కోసం" అన్నదంటే మాత్రం ఆగండి. ఇవాళ ముక్కన్నావిడ రేపు రంగంటుంది, ఎల్లుండి ఎత్తంటుంది. వాటన్నిటికీ ఆపరేషన్లు లేవు.

అలాగని చేయించుకున్నవాళ్ళని వేలెత్తి చూపకండి. పదిహేనేళ్ళు చెవి దాచుకున్నదాన్ని నేను. ఇప్పుడు జడ వెనక్కి వేసుకుని తిరుగుతున్నాను. ఆ సంతోషం చిన్నదేమీ కాదు. మా మేనకోడలు మొన్న వచ్చి, "రాత్రి నోరు మూసుకుని నిద్రపోతున్నాను అత్తయ్యా" అంది. ముక్కు అందంగా వచ్చిందా అని నేనూ అడగలేదు, అదీ చెప్పలేదు.

మీ అనుమానాలు రాయండి. పేరు రాయకపోయినా ఫరవాలేదు. సెలవు.